ఆయన పేరు కింద దొంగ సరుకు

మా కంప్యూటర్ ల్యాబ్ సార్ పోయారు. గురజాల బస్టాండులో ఉండగా స్నేహితుడు ఫోన్ చేసి, "ఒరేయ్, సార్ లేడంటరా, గుండె ఆగిపోయిందంట" అన్నాడు. నేను నరసరావుపేట చేరేసరికి కాలేజీ గేటుకు అశ్రునివాళి ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో సార్ ముఖం కంటే కాలేజీ నడిపే కరస్పాండెంట్ ముఖమే పెద్దది.

అసలు మంట అది కాదు. పెద్దకర్మ కూడా కాకముందే ల్యాబ్‌లోని పన్నెండు కంప్యూటర్లలో సార్ పెట్టిన, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ తుడిచేసి, లైసెన్సు కొనకుండా క్రాక్ చేసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారట. ఆ పని అయ్యాక ల్యాబ్‌కు సార్ పేరు పెడతారట! కోపంలోనే రాస్తున్నాను. చల్లారాక రాస్తే సార్‌కు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

మాచవరం నుంచి వచ్చి ఆ కాలేజీలో చేరేవరకు నేను కంప్యూటర్ ముట్టుకుని ఎరగను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే సార్ ముందు చేతులు చూసేవారు. కళ్ళంలో మిరపకాయలు ఏరి, చేతులు సరిగా కడుక్కోకుండా వచ్చి కీబోర్డు ముట్టుకున్నాను ఒకరోజు. నా తర్వాత కూర్చున్న ముగ్గురూ కళ్ళు నలుపుకుని ఏడ్చారు. సార్ తిట్టలేదు. తన జేబురుమాలు తడిపి ఒక్కో మీటా తుడుస్తూ, "నువ్వు లేచాక ఇంకోడు కూర్చుంటాడురా, అది గుర్తుపెట్టుకో" అన్నారు.

మిగతా లెక్చరర్లకు రికార్డు పుస్తకంలో ప్రోగ్రాం అందంగా ఎక్కిస్తే చాలు. మా సార్ ఆ పుస్తకం తెరిచేవారే కాదు. "రాసింది ఎందుకురా, నడిచింది చూపించు" అనేవారు.

అప్పట్లో నేను కరపత్రాలు చదివి పేద్ద విప్లవకారుణ్ణనుకునేవాణ్ణి. షాపు నుంచి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ తెచ్చి ల్యాబ్‌లో ఎక్కించాను. పట్టుబడి కూడా రొమ్ము విరుచుకుని, "దోచుకునే కంపెనీ దగ్గర దొంగిలిస్తే తప్పేంది సార్?" అన్నాను.

సార్ పగలబడి నవ్వారు. "ఓరి నీ విప్లవం పాడుగాను! ఇయ్యాల దొంగిలించి అలవాటు పడతావు. రేపు ఉద్యోగంలో చేరి అదే కావాలని కొనిపిస్తావు. ఆ కంపెనీవోడికి నీకంటే మంచి గుమాస్తా దొరుకుతాడంటరా?"

ఆయన లినక్స్‌లో ఒక చిన్న ప్రోగ్రాం తెరిచి, దానికోసం ఎవరో రాసిన కోడు వరుసలన్నీ చూపించారు. "మీ ట్రాక్టర్ చెడితే బానెట్ ఎత్తి చూడవూ? దీన్నీ ఎత్తి చూడు. బాగుచెయ్యి. చేసింది పక్కోడికియ్యి. ఎవుణ్ణీ అడిగే పన్లేదు." ప్రోగ్రాం రాసే ఎడిటర్, దాన్ని నడిచేలా మార్చే కంపైలర్ అన్నీ అలాంటివే ఎంచి పెట్టారు. డబ్బు లేని పిల్లలు పాత కంప్యూటర్‌లో అవే ఎక్కించుకుని ఇంట్లో పని చేసుకునేవారు. ఇప్పుడు తుడిచేసేది ఆ దారినే.

అందుకే కరస్పాండెంట్ గదికి వెళ్ళాను. "దొంగ సరుకు మీద ఆయన పేరు రాస్తారా?" అని అరిచాను.

కరస్పాండెంట్ తల కూడా ఎత్తలేదు. "ఏందయ్యా నీ గోల? బయట ఏది నడిస్తే అదే పెడతాం. పేరు పెడతన్నాంగా, ఇంకేం గావాల?"

ల్యాబ్ వైపు నడిచాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చినతను హార్డ్‌డిస్క్ పట్టుకుని మొదటి కంప్యూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడ కూర్చున్న సెకండియర్ అమ్మాయి లేవలేదు.

"ఆగన్నా, నా ప్రోగ్రాం నడస్తంది."

"ఎంతసేపమ్మా?"

"తెలవదన్నా."

అతను రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. "నాదీ నడస్తంది." మూడోదాని దగ్గరా అదే మాట. పన్నెండు కుర్చీల్లోనూ పిల్లలు. ఒక్కరూ గొంతు పెంచలేదు, ఒక్కరూ లేవలేదు. నేను దారంతా కూర్చుకున్న ఉపన్యాసం మానేసి తలుపు పక్కన నిలబడ్డాను.

కాసేపటికి అతను ఆ హార్డ్‌డిస్క్‌ను ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. అతని వెనక పన్నెండు నల్లటి తెరల మీద తెల్లటి అక్షరాలు వరుస వెంట వరుసగా పైకి జరుగుతూనే ఉన్నాయి.