ఎడమకు మళ్లని చక్రం

సారపాకలో దిగేసరికి ఉదయం ఐదున్నర. సన్నవాన. వరద పనికి వచ్చిన మా ఆర్మీ జట్టులో ఒక హవల్దారు, ఒక రేడియో ఆపరేటరు, పడవ నడిపే నేను. ముగ్గురికీ కలిపి ఒక మోటారు పడవ, ఒక వైర్‌లెస్ సెట్టు, ఇరవై లైఫ్ జాకెట్లు. క్యాంపు ఒక బడిలో. గోదావరి నాలుగు వందల గజాల అవతల ఉండాలి. నూట యాభై గజాల్లోనే ఎదురొచ్చింది.

హవల్దారుది రాజస్థాన్, ఎడారి మనిషి. ఆపరేటరు కొత్తగూడెం బొగ్గుగని కార్మికుడి కొడుకు. నాది ఏన్కూరు. సొంత ప్రాంతానికే వరద డ్యూటీ పడిందని ఇంట్లో సంబరపడ్డారు. పడవ నడపడం నేను నేర్చుకున్నది నిలవనీటి చెరువులో. స్టీరింగ్ తిప్పడం ఒక్కటే పని, మిగతావన్నీ తిప్పలు.

పడవకూ కారు చక్రమేనా అని ఊళ్లో అడుగుతుంటారు. చక్రం అలాంటిదే, కింద టైర్లుండవు. చక్రం తిప్పితే ఒక కేబుల్ కదులుతుంది. దాని చివర ఉక్కు కడ్డీ. అది ఒక గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిగి, వెనకున్న ఇంజన్‌ను పక్కకు నెడుతుంది. ఇంజన్ తిరిగితేనే పడవ మళ్లుతుంది. కడ్డీని బయటికి జరిపి పాత గ్రీజు తుడవాలి. లోపలికి లాగి కొత్తది ఎక్కించాలి. రూలు ఇంతే.

మూడో రోజు పొద్దున నేను తుడవలేదు. లోపలికి లాగలేదు. ఒండ్రు పట్టిన పాత గ్రీజు మీదే కొత్తది దండిగా ఎక్కించాను. పెళ్లికొడుక్కి నలుగు పెడుతున్నవా అన్నా, అని ఆపరేటరు నవ్వాడు. చక్రం మెత్తగా తిరిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తొమ్మిదీ ఇరవైకి సెట్టులో కబురు. అడవి అంచున ఒక గూడెం. అక్కడి బడి శ్లాబు మీద ఆలుమగలు ఇద్దరే మిగిలారు. ఆయనకు పురుగు ముట్టింది. మా దిక్కు పాము పేరెత్తరు. గంటలో భద్రాచలం దవాఖానాకు చేర్చాలి.

తొమ్మిదీ యాభైకి శ్లాబు కనిపించింది. ఎడమ వైపు, ముప్పై గజాలు. ఎదురుగా పెద్ద మాను కొట్టుకొచ్చింది. తప్పించడానికి కుడికి తిప్పాను. తప్పింది. ఎడమకు తిప్పబోతే చక్రం రాలేదు. హవల్దారూ నేనూ కలిసి వేలాడినా రాలేదు. ఒండ్రూ గ్రీజూ కలిసి కడ్డీని గొట్టంలో బిగించేశాయి. ఇంజన్ నడిపితే పడవ గుండ్రంగా తిరుగుతోంది. ఆపితే వరద లాక్కుపోతోంది. ఆ నీళ్లలో మా తెడ్లు గరిటెలతో సమానం.

శ్లాబు మీంచి ఆమె అడిగింది. "ఏంది, ఎటు పోతున్రు?"

"మళ్లీ వస్తం అక్కా," అన్నాను.

"మళ్లుడు చాతగాకనే గదన్నా పోతున్నం," అన్నాడు ఆపరేటరు, నా వైపు చూడకుండా.

మాటలతో ఆడుకోవడం నాకు అలవాటు. ఆ రోజు 'మళ్లీ' అన్న మాట నాతో ఆడుకుంది.

నట్టు విప్పి, కడ్డీని ఊడదీసి, ఇంజన్‌ను చేత్తో తోసి పడవను మళ్లించే సరికి ఇరవై ఐదు నిమిషాలు. అప్పటికి మూడు కిలోమీటర్లు కిందికి వచ్చేశాం. ఎదురెక్కడానికి పెట్రోలు చాలదు. ఆపరేటరు సెట్టులో భద్రాచలం వైపున్న ఇంకో పడవను పిలుస్తూనే ఉన్నాడు. అది పదకొండూ నలభైకి గూడెం చేరింది. ఇద్దరినీ ఎక్కించుకుంది. ఒడ్డు చేరకముందే ఆయన పోయాడు.

హవల్దారు రిపోర్టులో స్టీరింగ్ లోపం అని రాశాడు. కడ్డీ తుడిచావా అని నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

పన్నెండో రోజు లారీ ఎక్కాం. ఏన్కూరు మీదుగానే పోయింది. డ్రైవరు, ఇంటికి పోయొస్తావా, పది నిమిషాలు ఆపుతా అన్నాడు. వద్దన్నాను. అమ్మ ఎంతమందిని ఒడ్డెక్కించావని అడుగుతుంది.

ఆ రోజు పడవ గుండ్రంగా తిరిగినప్పుడు చుట్టుకొకసారి ఆ శ్లాబు నా ముందుకొచ్చింది. మొదటి చుట్టులో ఆమె ఎర్ర తువ్వాల ఊపుతోంది. రెండో చుట్టులో ఊపడం ఆపింది. మూడో చుట్టులో దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన తల కింద సర్దుతోంది. మా వైపు చూడటం లేదు.