అమాస నాడు చూసిన గది

ఆ రోజుల్లో వరంగల్లులో గది దొరకడం పెద్ద కష్టమేమీ కాదు, అందులో నిద్ర దొరకడమే కష్టం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, గది చూడటానికి వెళితే నేను కిటికీలూ నల్లా చూసేవాణ్ని కాదు (అద్దె మాత్రం చూసేవాణ్ని, జీతం అలాంటిది). గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి వినేవాణ్ని. ఇంటివాళ్లు నన్ను దొంగనుకున్నారో, సోది చెప్పేవాణ్ననుకున్నారో! నాది పుట్టుకతో కోడినిద్ర. "వీని మీద ఈగ వాలుడు గాదు, పక్కింట్ల వాలినా లేస్తడు" అని పరకాలలో మా నాయనమ్మ నలుగురికీ చెప్పుకునేది. అలాంటివాడికి దేవుడు ఏరికోరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీ ఇప్పించాడు. డెబ్బైల నాటి మాట, ట్రంకుకాల్ అంటే బోర్డు ముందు కూర్చుని మనిషే కలపాలి. రాత్రంతా ఊరికి మాటలు కలిపి, ఊరు లేచేవేళకు నేను పడుకోవాలి. నేను పడుకున్నానని ఊరు ఊరుకుంటుందా?

మొదటి గది స్టేషను దగ్గర. రైళ్లను భరించాను గాని, రైలు దిగినవాళ్ల కోసం రిక్షావాళ్లు పడే లొల్లిని భరించలేకపోయాను. రెండోది బజారులో ఒక సేటు దుకాణం మీద. సేటు దేవుడిలాంటి మనిషి, బేరాలు మాత్రం నేల చీల్చుకుని పైకి వచ్చేవి. కింద ఎవరో చీరెకు బేరమాడుతుంటే, అది తెగేదాకా పైన నాకు కన్ను మూతపడేది కాదు. మూడోవారం బోర్డు మీద తల వాల్చేశాను. డోర్నకల్ నుంచి ఎవరో "హలో, హలో" అని గొంతు చించుకుంటున్నారట, నాకేం తెలుసు! కళ్లు తెరిచేసరికి ఎదురుగా మా సూపర్‌వైజరు గారు. (చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వస్తారని ఆయనకు మేం పిల్లి అని పేరు పెట్టుకున్నాం.) "నీదింకా ప్రొబేషన్ బాబూ. ఇది మొదటి మెమో. రెండోది రాయను, పరకాల బస్సెక్కిస్తా" అన్నారు. అక్కడ మా నాయన కనబడ్డవాడికల్లా "మావోడు గవర్నమెంటుల పడ్డడు" అని చెప్పుకుని తిరుగుతున్నాడు. ఏ మొహం పెట్టుకుని ఆ బస్సు దిగను?

ఒకరోజు పగటి నిద్ర మానుకుని, మూడో గది కోసం కొత్తవాడకు వెళ్లాను. ఆహా, ఏం నిశ్శబ్దమని చెప్పను! వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని తమలపాకులు నములుతోంది. ఒక ఇంటి గుమ్మంలో కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఒక్క పిచ్చుక తప్ప ఏమీ వినపడలేదు. తలంటు పోసుకుని, ఉతికిన ధోవతి కట్టుకున్న ఇంటి పెద్దాయన నన్ను వింతగా చూశాడు.

"ఏం వింటానవ్ బిడ్డా?"

"ఇంట్ల చప్పుడేమన్న ఉంటదా పెద్దయ్యా? నేను పగలు పండుకోవాలె."

"మా ఇంట్ల లొల్లి ఎక్కడిది? పిల్లలు పెద్దగై ఎల్లిపోయిర్రు, రేడియో లేదు. నేను, మీ పెద్దమ్మ, గంతే. ఫికర్ జెయ్యకు."

ముందుగదిలో మగ్గం ఉంది. చూశాను కూడా. దానికి పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి, భక్తిగా ఉందని ముచ్చటపడి అడ్వాన్సు చేతిలో పెట్టేశాను. ఆ రోజు అమాస అని, అమాస నాడు నేతగాళ్లు మగ్గం ముట్టరని, నెలకు వాళ్లకు దొరికే సెలవు అదొక్కటేనని నా మట్టిబుర్రకు తట్టలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వచ్చి, వెనకగదిలో చాప పరిచి, హమ్మయ్య అని నడుం వాల్చాను. టకటక, టకటక! మా ఇంట్లో ఒకటి, పక్కింట్లో రెండు, ఎదురింట్లో ఎన్నో! లేచి ముందుగదిలోకి పరుగెత్తాను.

"పెద్దయ్యా, చప్పుడుండదంటివి గద!"

ఆయన పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఆపి, చెవి ఒగ్గి విని, "చప్పుడేది?" అన్నాడు.

"ఇదే! నీ మగ్గం!"

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! మగ్గం చప్పుడు గూడ చప్పుడేనా?"

అందులో అబద్ధం రవ్వంత కూడా లేదు. పుట్టినప్పటి నుంచి అందులోనే బతికిన మనిషికి అది వినపడనే వినపడదు. నేను చెవుల్లో దూది కుక్కుకున్నాను, తలకు తువ్వాలు చుట్టుకున్నాను, దుప్పట్ల మూట కింద దూరాను. మూడు రోజులకు కళ్లు పండుమిరపకాయలయ్యాయి. నాలుగోనాడు గది ఖాళీ చేద్దామని పక్క చుట్టుకుంటుంటే పెద్దమ్మ చూసింది. "అన్నం తిన్నవా?" అంది. ఆ ఒక్క మాటకే ఏడుపు తన్నుకొచ్చింది. "నిద్ర లేదు పెద్దమ్మా, నా నౌకరి పోతది" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను, దాచడమెందుకు.

"నువ్వు దూరం పండుకుంటానవ్, గందుకే వస్తలేదు. నా పిల్లలందరు మగ్గం పక్కన ఉయ్యాలల్నే పెరిగిర్రు. మగ్గం ఆగితేనే లేచేటోళ్లు" అంటూ నా చాపను బరబరా లాక్కెళ్లి మగ్గం పక్కన పరిచింది. ఈవిడకు మతి పోయిందనుకున్నాను. కానీ వెనకగదిలో పది మగ్గాలు పది రకాలుగా పోట్లాడుకుంటే, ఇక్కడ మిగతావన్నీ దీని కింద అణిగిపోయి వినపడేది ఒక్కటే, అదీ తప్పని తాళంతో. పదో, పన్నెండో దెబ్బలు లెక్కపెట్టినట్టు గుర్తు. పెద్దమ్మ తట్టి లేపేసరికి దీపాలు పెట్టే వేళయింది!

ఇక చూడండి నా వైభవం. సూపర్‌వైజరు గారు చెప్పులు చేతబట్టుకుని వస్తుంటే, వెనక్కి తిరగకుండానే "నమస్కారం సార్" అనేవాణ్ని. పాపం, ఆయన మొహం వాడిపోయేది. ఇలా మూడు వారాలు గడిచాక కబురొచ్చింది: పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారు, నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ రాత్రే తేలుతుంది. క్యాలెండరు చూశాను. అమాస!

ఆ పగలు వీధి చప్పుడు లేకుండా పడి ఉంది. నేను కళ్లు పత్తికాయల్లా విప్పుకుని పడి ఉన్నాను. మధ్యాహ్నమైనా రెప్ప పడలేదు. ఇక సిగ్గు విడిచి అరుగు మీదికి వెళ్లాను.

"పెద్దయ్యా, జర రెండు పోగులు నెయ్యరాదే?"

ఆయన లెంపలేసుకున్నాడు. "రామ రామ! అమాస నాడు మగ్గం ముడ్తరా బిడ్డా!"

లోపల్నుంచి పెద్దమ్మ అందుకుంది. "మగ్గం ముట్టద్దు గని, పీట ముట్టద్దని ఎవలన్నరు?"

పెద్దయ్య తన అరచేతులు చూసుకున్నాడు. నెలంతా కొట్టిన చేతులకు అదొక్కటే సెలవు మరి. చివరకు నోట్లో ఆకు ఉమ్మేసి, వంటింట్లోంచి పీట తెచ్చుకుని, నా తలాపున కూర్చుని ఒక చెక్కముక్కతో మొదలుపెట్టాడు. టక్, టక్, టక్, టక్. చెక్క కొడుతుంటే కాళ్లు కూడా వాటంతటవే తొక్కుతున్నాయి! పక్కింటాయన గుమ్మంలోంచి తొంగిచూసి "ఏం జేస్తానవే?" అన్నాడు.

"నిద్ర నేస్తాన. లొల్లి జెయ్యక పో!"

నేను విన్న చివరి మాట అదే. పొద్దు వాలాక లేచేసరికి ఆయన పీట ముందే కూర్చుని ఉన్నాడు, చెయ్యి మారింది గాని తాళం మారలేదు. ఆ రాత్రి పెద్దాఫీసరు వచ్చినప్పుడు కాల్సన్నీ కలిసి ఉన్నాయి, నేను కందిరీగలా చురుగ్గా ఉన్నాను, కునుకుతూ దొరికింది మాత్రం మా పిల్లి! వారం తిరక్కుండా పర్మినెంటు కాగితం చేతికొచ్చింది. మా నాయన గవర్నమెంటు గవర్నమెంటుగానే నిలబడింది. లడ్డూలు పట్టుకెళితే పెద్దయ్య ఒకటి నోట్లో వేసుకుని, "నీ నౌకరి పర్మినెంటాయె బిడ్డా, నా అమాస సెలవే పాయె" అన్నాడు. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ అమాస రోజున నేనే సెలవు పెట్టుకుని ఆయనతో పాటు అరుగు మీద ఆకులు నమిలాను.

ఇప్పుడు మా ఇల్లు ఊరి చివర. పిచ్చుక కూడా లేనంత నిశ్శబ్దం. అప్పట్లో ఇలాంటి గది కోసమే గదా చెప్పులరిగేలా తిరిగాను! నిద్ర పట్టనప్పుడు మంచం పట్టెను వేలితో కొట్టుకుంటాను, టక్, టక్. తాళం సరిగ్గానే పడుతుంది. కాని నా చేత్తో నేను కొట్టుకుంటే ఆ నిద్ర రాదు. నెలకున్న ఒక్క సెలవునూ నాకిచ్చేసి, పక్కన ఇంకొకరు కూర్చుని కొట్టాలి. నిద్ర రాకపోయినా "లొల్లి జెయ్యక పో" అన్న గొంతు మాత్రం వస్తుంది. చీకట్లో ఒక్కణ్నే నవ్వుకుంటాను.