మూడో లైను ఖాళీ

మిరపకాయ ఘాటు ఏసీ గదిలోకి కూడా వస్తుంది. ఈ మార్చి సాయంత్రం దానికి వేడెక్కిన చిన్న మోటారు వాసన తోడైంది. అరచేతిలో పట్టే డీజిల్ రైలింజను బొమ్మ, నా బల్ల మీది చెక్కపై వేసిన పట్టాల్లో మూడో లైను దాకా వచ్చి, ఎప్పటిలాగే తడబడి ఆగింది. వేలితో కాస్త తోస్తే కదిలింది. మొన్న కొత్త గుమాస్తా, "సార్, ఈ పిల్లల ఆటవస్తువు తీసేస్తే ఇక్కడ ఇంకో బీరువా పడుతుంది" అన్నాడు. అతను ఎస్తేరు రాణి గారిని చూడలేదు. ఆవిడ పోయాక ఆవిడ గురించి చెప్పగలిగినవాళ్లం ఒక్కొక్కరం తగ్గిపోతున్నాం. చెక్క మిగిలి, అది ఎందుకుందో ఎవరికీ తెలియకపోతే నిజంగానే అక్కడికి బీరువా వచ్చేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కన ఉన్న ఈ మిర్చి కోల్డ్ స్టోరేజీకి నాకు ముందు ఆవిడ మేనేజరు. అప్పట్లో నేను గేటు దగ్గర లారీల వివరాలు రాసుకునేవాణ్ని. ఇంటర్ తప్పాక నేను చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. నిఘంటువు పక్కన పెట్టుకుని లావుపాటి ఇంగ్లిషు పుస్తకాలు పూర్తి చేశానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఆవిడ మాత్రం ఎక్కడా కుదురుగా కూర్చునేవారు కాదు. తాళాల గుత్తి గలగలలాడిస్తూ చాంబరు నుంచి చాంబరుకు తిరిగేవారు. సగం తాగిన టీ గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయేవారు. ఒకరోజు నా చేతిలో చిన్న రైళ్ల నమూనాలు తయారుచేసే పుస్తకం చూసి ఆగారు.

"ఏమయ్యా కోటేశ్వరరావూ, ఇందులో షంటింగు గురించి ఉందా?"

"ఒక అధ్యాయం ఉంది మేడం. చిన్న చెక్క మీద మూడు లైన్లు, అయిదు పెట్టెలు. ఇంజనుతో అటూ ఇటూ జరిపి, కోరిన వరసలో పెట్టెలు నిలబెట్టాలి."

"మా నాన్న రైల్వే యార్డులో చేసింది అదే. క్వార్టర్సు కిటికీలోంచి రోజూ చూసేదాన్ని. మనం చేద్దామా?"

వడ్రంగి బ్రహ్మం పాత తలుపు కోసి చెక్క ఇచ్చాడు. పట్టాలు, బండిని లైను మార్చే పాయింట్లు, ఇంజను ఆవిడ ఆన్‌లైన్లో తెప్పించారు. నేను పుస్తకం తెరిచి చదువుతుంటే, వాక్యం పూర్తి కాకముందే ఆవిడ మేకు కొట్టేవారు. నచ్చకపోతే పీకేసేవారు. మిరప దుమ్ము పట్టాల మీద పేరుకుని ఇంజను మొరాయించేది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తూ ఇద్దరం తుమ్మేవాళ్లం. అంతా అమరాక లైన్లు బోసిగా కనిపిస్తే, నేను మరికొన్ని పెట్టెలు సంపాదించి మూడూ నింపేశాను. నిజమైన యార్డులా కళకళలాడింది.

"బాగుంది. ఇప్పుడు ఆ వెనకాల ఎర్ర పెట్టె బయటికి తియ్యి" అన్నారు.

దాని ముందున్న పెట్టెను పెట్టడానికి చోటేదీ? ఇంజను ముందుకీ వెనక్కీ ఊగిందే తప్ప పని జరగలేదు.

"నీ పుస్తకం ఏమంటోంది?"

"అన్ని పెట్టెలు పెట్టొద్దంటోంది మేడం."

"పుస్తకం మంచిదే. చదివినవాడికే తొందర" అని నవ్వి, మూడో లైనులోని పెట్టెలన్నీ తీసేశారు.

గోదాములోనూ ఆవిడ పద్ధతి అదే. ప్రతి చాంబరులో ఒక మూల ఖాళీగా ఉండాల్సిందే. మిరప బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు. వెనక వరస రైతు తన టిక్కీలు అమ్ముకోవాలంటే ముందు వరసల్ని జరపాలి. లోపల చోటు లేకపోతే బయట ఎండలో దించాలి. చల్లబడ్డ కాయకు చెమట పడుతుంది. రంగు పోతుంది, దానితో ధరా పోతుంది. ఇదంతా యజమాని సుబ్బయ్య గారికీ తెలుసు. అయినా సీజన్ వస్తే ఖాళీ మూల ఆయన కంట్లో నలుసయ్యేది.

ఒక ఏడాది సీజన్ మధ్యలో మబ్బులు పట్టాయి. రోడ్డు పొడవునా లారీలు, ట్రాక్టర్లు. ఆ ఖాళీ మూలలు తప్ప చాంబర్లన్నీ నిండాయి. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన నాగయ్య అనే రైతు చిరుగుల టార్పాలిన్‌తో ట్రాక్టరు పక్కన నిలబడి అరుస్తున్నాడు.

"ఆ మూల ఖాళీగానే ఉంది గదమ్మా! నా సరుకు తడిస్తే మీకేం ఒరుగుద్ది?"

"అది వెనక వరస వాళ్లది నాగయ్యా."

"వాళ్లెవరూ ఇయ్యాల రాలేదుగా!"

అంతలో సుబ్బయ్య గారి ఫోను. స్పీకరులో ఆయన గొంతు నాకూ వినిపించింది. "నింపెయ్యమ్మా. నీవల్ల కాకపోతే రేపట్నించి వేరేవాళ్లని చూసుకుంటా."

ఆవిడ ఫోను పెట్టేసి వరండాలో అటూ ఇటూ నడిచారు. తాళాల చప్పుడు ఆగలేదు. నాకు నాగయ్యదే న్యాయమనిపించింది. రేకుల మీద తొలి చినుకు పడింది. ఆవిడ టక్కున ఆగారు.

"కోటీ, బల్ల ఆ కొస పట్టు."

బల్ల, కుర్చీలు, బీరువా, కంప్యూటరు, అన్నీ వరండాలోకి వచ్చాయి. హమాలీల మేస్త్రి సాంబయ్య బీరువా మోస్తూ, "మేడంగారూ, మీరు లోపలుండండి, తడుస్తారు!" అన్నాడు.

"తడిస్తే నాకు రంగు పోయేదేముందయ్యా? ముందు టిక్కీలు మొయ్యి."

ఆఫీసు గది నేల నుంచి కిటికీ పైదాకా నాగయ్య సరుకుతో నిండింది. మా రైలు చెక్కను వరండా గోడకు చేరగిలబెట్టాం. జల్లు దాన్ని తడిపేసింది.

తెల్లారాక ధర లేచింది. వెనక వరస రైతులు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఖాళీ మూలల వల్ల సాయంత్రానికి వాళ్ల సరుకు కదిలింది. వాళ్లు ఖాళీ చేసిన చోటికి నాగయ్య టిక్కీలు వెళ్లాయి. కారు దిగిన సుబ్బయ్య గారు చుట్టూ చూసి, "ఆఫీసేదమ్మా?" అన్నారు.

"ఇదేనండి. గాలి బాగా వస్తోంది."

వేరేవాళ్లని చూసుకునే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కానీ రోడ్డు మీద ఆ జల్లుకు తడిసిన సరుకూ ఉంది. అందరికీ సరిపడా ఆఫీసులు లేవు. ఆవిడ అది మరిచిపోలేదు. ఎవరైనా ఆ రోజు గురించి మెచ్చుకోలుగా మాట్లాడితే తాళాలు ఊపుకుంటూ అక్కణ్నించి వెళ్లిపోయేవారు.

చెక్క ఆ తడికి మూడో లైను దగ్గర వంగింది. సరిచేసే పద్ధతి నాకు పుస్తకాల్లో దొరికింది. చేయలేదు. ఇంజను అక్కడ ఆగినప్పుడల్లా నేను లేచి చాంబర్లలో ఖాళీ మూలలు చూసి వస్తాను.

చెక్క ఇచ్చిన బ్రహ్మానికి, గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ విమల గారికి, బీరువా మోసిన సాంబయ్యకు, ఆ రోజు తిట్టి మర్నాడు అందరికీ టీ పోయించిన నాగయ్యకు, ఖాళీ మూల చూసి ఇప్పటికీ కేకలేసే సుబ్బయ్య గారికి కృతజ్ఞతలు. ఎస్తేరు రాణి గారికి చెప్పాల్సింది కుదురుగా కూర్చుని రాయాలి. ఇందాకటి నుంచి నిలబడే ఉన్నాను. బయట ఉరుముతోంది. గేటు దగ్గర ఎవరో ట్రాక్టరు ఆపి అరుస్తున్నారు. ఈ గదిలో నేను కొన్న కుర్చీలూ బల్లా అన్నీ మడతపెట్టేవే.