సున్నా చూపించిన మీటరు

ఇవాళ కొంచెంలో పెద్ద ప్రమాదం తప్పింది. అందుకే రాస్తున్నాను.

మా బావ తన పాత వ్యానును కరెంటు బండిగా మారుస్తున్నాడు. దానికి తుక్కుకు వెళ్ళిన హైబ్రిడ్ కారు ఇన్వర్టర్ కావాలన్నాడు. బ్యాటరీ కరెంటును మోటారుకు అందించే పెట్టె అది. మధ్యాహ్నం ఇద్దరం వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాం. కొట్టు భాయ్ రెండు పెట్టెలు ముందుంచి, పొద్దున్నే కరెంటిచ్చి చూశానన్నాడు.

బావ ఒకదాని మూత విప్పి, కరెంటుందో లేదో చూసే తన మీటరు ఆనించాడు. సున్నా. లోపల తుప్పుందేమోనని వేళ్ళు పెట్టబోయాడు. గభాలున మణికట్టు పట్టేసుకున్నాను.

"ఏటి బావా! సున్నా సూపిత్తంది కదా!" అన్నాడు బావ.

"ముందు నీ మీటరు బతికుందో లేదో సూడు."

నేను పనిచేసే స్టీల్‌ప్లాంటులో మాకదే అలవాటు. కరెంటున్న చోట మీటరు పెట్టి చూశాకే, లేదనుకున్న చోట పెడతాం. బయటున్న నా స్కూటర్ బ్యాటరీకి ఆనించాం. అక్కడా సున్నాయే! మీటరు తీగ లోపల తెగిపోయింది. భాయ్ తన మీటరు తెచ్చాడు. స్కూటర్ బ్యాటరీకి పన్నెండు వోల్టులు చూపించింది. పెట్టెకు ఆనిస్తే రెండు వందలు దాటింది. వేళ్ళు పెట్టి ఉంటే ప్రాణం పోయేదే.

బావ మాత్రం అన్నాడు: "అయితే ఇదే తీసుకుందాం బావా. పొద్దున్నుంచి సార్జి దిగలేదంటే గట్టి సరుకే!"

కరెంటు తీశాక తనంతట తానే ఖాళీ కావాల్సిన పెట్టె అది. దిగకపోవడమే దాని జబ్బని చెప్పి వద్దన్నాను. భాయ్ మీటరుతో చూస్తే రెండో పెట్టె సున్నా చూపించింది, ఈసారి నమ్మి తీసుకున్నాం. అయినా బావ దాన్ని ముట్టుకోలేదు, నన్నే మోయమన్నాడు.

మీ ఇంట్లోనూ టెస్టర్ ఉంటుంది. వెలగలేదు కదా అని వైరు పట్టుకునే ముందు చెప్పండి, అది చివరిసారి ఎక్కడ వెలిగిందో గుర్తుందా?