అరుపులక్క లేని తొమ్మిదో భాగం

అరుపులక్క ముఖం తెర మీద ఎవరూ చూడలేదు గానీ, ఆవిడ చావుకేకలు విననివాళ్లు లేరు. 'గొడ్డలి మావయ్య' అని ఒక సినిమా వచ్చింది. ముసుగేసుకున్నవాడొకడు గొడ్డలి పట్టుకుని కనిపించినవాళ్లనల్లా నరుకుతాడు, కథంటే అంతే. జనానికి ఏం పిచ్చి పట్టిందో గానీ, దానికి ఎనిమిది భాగాలు తీశారు. ఆ ఎనిమిదింటిలో చచ్చిన ఆడవాళ్లందరి అరుపూ ఈవిడదే. మగవాళ్లలో సగంమందిది కూడా ఈవిడదే, ఎందుకంటే గొంతు చించుకోవడానికి ఆ మహానుభావులకు మహా మొహమాటం.

ఆవిడ పనికి ఒక పద్ధతుంది. డబ్బింగ్ గదిలోకి వెళ్లి, గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగి, "దెబ్బ ఎక్కడ తగులుతోంది బాబూ?" అని అడిగేది. వీపంటే ఒక అరుపు, మెడంటే ఇంకొకటి. చోటు చెప్పకపోతే నోరు విప్పేది కాదు. నాలుగో భాగంలో పోస్ట్‌మన్ కాలి మీద గొడ్డలి పడితే, మాటలు ఎవరూ రాసివ్వకుండానే "అమ్మో నా మోకాలో!" అని అరిచింది. హాల్లోంచి బయటికొచ్చిన ప్రతివాడూ కుంటుతూ అదే అరుపు అరుచుకుంటూ ఇంటికెళ్లాడు.

ఒక్క మనిషి మాత్రం వినలేదు. ఆయనే ఆవిడ మొగుడు. ఇంటి ముందు గదిలో దర్జీ పని. కొత్త భాగం విడుదలైన ప్రతిసారీ ఆవిడ పిలవడం, ఆయనకు కాజాలు గుర్తుకురావడం. "రేపటికి ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి, నువ్వెళ్లిరా." ఇరవై రెండేళ్లు, ఎనిమిది భాగాలు, ఎనిమిది సాకులు! నా పనంటే ఈయనకు నామోషీ అని ఆవిడ లోలోపల కుమిలిపోయింది. పైకి అంటే గొడవవుతుందని ఊరుకుంది.

ఎనిమిదో భాగం చివర గొడ్డలి మావయ్య కాంక్రీటు కలిపే యంత్రంలో పడి చచ్చాడు. పీడ విరగడైంది అనుకున్నారా? నిర్మాత అల్లుడు దర్శకుడయ్యాడు. చచ్చినవాణ్ణి దెయ్యం చేసి తొమ్మిదో భాగం మొదలెట్టాడు. అరుపులక్క ఎప్పటిలాగే నీళ్లు తాగి అడిగింది.

"దెబ్బ ఎక్కడ బాబూ?"

"దెబ్బే ఉండదమ్మా. దెయ్యం కదా, ఆత్మను లాగేస్తుంది."

"లాగనివ్వండి. ఆత్మ ఎక్కడుంటుందో చెబితే అక్కణ్ణించి అరుస్తాను."

అల్లుడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అనుమానమొచ్చి కడుపు మీద పెట్టుకున్నాడు. తల గోక్కున్నాడు. చివరికి ఒళ్లు మండి, "మీ పద్ధతులు పాతబడిపోయాయమ్మా, ఇంక మీరు వెళ్లొచ్చు" అన్నాడు. ఒక్క అరుపైనా అరవకుండా ఆవిడ ఇంటికొచ్చేసింది.

తొమ్మిదో భాగం విడుదలైన రోజు, అందులో పనిచేసినా చేయకపోయినా పాతవాళ్లందరికీ ఉదయం ఆటకు పిలుపొచ్చింది. "ఇందులో నా అరుపు లేదట" అని మొగుడికి చెప్పింది.

"లేదా? అయితే నేనూ వస్తాను!" అని ఆయన చటుక్కున లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. లేని అరుపుకైతే వస్తాడట, మహానుభావుడు! దారి పొడవునా ఆయనకు నాలుగడుగులు ముందే నడిచింది.

సినిమా సంగతి ఏం చెప్పమంటారు! దెయ్యమంటే పచ్చటి పొగ. ఆ పొగ చేతిలో గొడ్డలి నిలవదు, జారిపోతుంటుంది. గోడల్లోంచి దూరిపోగలిగినవాడు ప్రతి తలుపునూ గడియ తీసుకుని మర్యాదగా లోపలికొస్తాడు. ఎనిమిది భాగాలు వణికి చచ్చిన జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అంతలో దెయ్యం కథానాయికను పట్టుకుంది. ముక్కులోంచి ఆత్మను దారంలా లాగడం మొదలెట్టింది. కథానాయిక నోరు తెరిచింది.

"అమ్మో నా మోకాలో!"

హాలు కూలిపోయినంత పని అయింది. జనం ఈలలు వేశారు. కొత్త అరుపు లేక, అల్లుడుగారు పాత భాగాల్లోని అరుపులు ఏరుకొచ్చి దొరికినచోటల్లా అతికించేశాడు! అరుపులక్క పరువు పోయినట్టు తల దించుకుంది. మోకాలి కోసం అంత కష్టపడి అరిస్తే, తీసుకెళ్లి ముక్కుకు తగిలించారు పాపిష్ఠివాళ్లు. ఈయన కూడా నవ్వుతున్నాడేమోనని భయంభయంగా పక్కకు చూసింది. కుర్చీలో ఆయన లేడు.

తెర ముందు నిలబడి ఉన్నాడు. "వదలరా! ఒరేయ్ వెధవా, వదలరా దాన్ని!" అని పొగ మీదికి చెయ్యెత్తి అరుస్తున్నాడు.

"కూర్చోండి బాబాయ్, అది ఉత్త పొగ!" అన్నారెవరో.

"పొగేంట్రా? ఆ అరిచేది మా ఆవిడ!"

జనం ఇంకా నవ్వారు. అరుపులక్క పరుగెత్తుకెళ్లి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆయన ఒళ్లంతా చెమట.

"ఏవండీ, మీకేమైనా మతి పోయిందా? అది ఎప్పటిదో పాత అరుపు. ఇదిగో, నేను మీ పక్కనే ఉన్నాను కదా."

"తెలుసు. పక్కనే ఉన్నావని తెలిసి కూడా కాళ్లు ఆగలేదు" అన్నాడాయన.

"మరి ఇన్నాళ్లూ రానిది..."

"ఇందుకే. ఇంట్లో సాధన చేస్తూ అరుస్తావా, తలుపు తోసి చూస్తాను. కూరగాయలు తరుక్కుంటూ కనిపిస్తావు, వెళ్లి మిషన్ తొక్కుకుంటాను. ఈ హాల్లో ఏ తలుపు తొయ్యను, నువ్వే చెప్పు?"