వస్త అని వెళ్లిన మేస్త్రీ

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరిన ఓ అమ్మాయి, నమ్మకమైన మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి అని పెట్టగానే నంబర్ల వాన కురిసింది. నాకు మాత్రం నిజం వానకు భయపడి మేస్త్రీ కోసం పడిగాపులు కాసిన ఆ లంక ఊరు గుర్తొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, టీచరుగా నా తొలి పోస్టింగు భద్రాచలానికి ఎగువన గోదావరి నడుమనున్న ఓ చిన్న లంకలో. రాములవారి ఊరి పక్కన ఉంటూ లంకలో కాపురమా అని మా వాళ్లు ఏడిపించేవారు. మా ఆయన ఉద్యోగం ఏటి ఒడ్డునున్న సారపాకలో కావడంతో ఆదివారం పడవెక్కి చుట్టపుచూపుగా వచ్చిపోయేవారు. మిగతా వారమంతా నేను, పాలుతాగే పాప, సాయానికి వచ్చిన అత్తమ్మ, కిరాయికి తీసుకున్న ఓ పెంకుటిల్లు. బయట వాన వెలిసినా ఆ ఇల్లు కురుస్తూనే ఉండేది, అదీ సరిగ్గా ఉయ్యాల మీద. పాపకు అప్పటికే నెమ్ము. తొలకరి పడగానే అత్తమ్మ తేల్చి చెప్పేసింది. "గోదారి పొంగేలోపు కప్పు బాగైతే సరి. లేకుంటే పిల్లను సారపాక తోల్కపోత. నువ్వు ఈడ్నే పాఠాలు చెప్పుకో." పొంగితే పడవలు ఆగిపోతాయి; అంటే పాప ఆ ఒడ్డున, నేను ఈ లంకలో.

లంకలో మేస్త్రీ లేడు కనుక, పడవ నడిపే పెద్దాయన ఒడ్డు నుంచి ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కప్పు చూసి, చాయ తాగి, పాపను ముద్దుచేసి, "సరే టీచరమ్మా, వస్త" అని వెళ్లాడు. నేను పెంకులు తెప్పించి, బడికి సెలవు పెట్టి, వాకిట్లో కూర్చున్నాను. రాలేదు. కబురు పెడితే మళ్లీ వచ్చి, వాసాలు తట్టి, చాయ తాగి, మళ్లీ వస్త అన్నాడు. పెంకుటింటికి తగ్గ పెంకి మేస్త్రీ దొరికాడని నేను వాపోతుంటే పడవ పెద్దాయనకు నవ్వాగలేదు. "గాయిన రేపొస్త అన్లే టీచరమ్మా. పోతున్న అని చెప్పిండు గంతే!"

ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు పోతాననకూడదు, వస్తాననాలి అని చిన్నప్పటి నుంచీ నేనూ అంటున్న మాటే కదా! పిల్లలకు భూత భవిష్యద్వర్తమానాలు నేర్పే నాకు, ఆ వస్త ఏ కాలమో తెలియకపోయింది.

ఎగువ నుంచి వరద మొదలై గోదావరి నీళ్లు ఎర్రబడిన రోజున పెద్దాయన మేస్త్రీని మరోసారి తీసుకొచ్చాడు. చాయ అయింది, మేస్త్రీ లేచాడు. నేను వెళ్లి గడపకు అడ్డంగా నిలబడ్డాను. అన్నా, ఈసారి వస్త అనొద్దు, అంటే నేను నమ్మి కూర్చుంటాను. పోయేదుంటే పోతున్న అనే చెప్పి పోండి అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. "పసిపిల్ల ఉన్న ఇంట్ల గా మాటెట్లంటనమ్మా!"

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "అనకు మరి. నిచ్చెన ఆడుంది."

పాపం, వస్త అనలేడు, పోత అనలేడు, ఏ మాటా అనకుండా గడప దాటడం ఆయనకు అలవాటే లేదు. కాసేపు పాపవంక, కాసేపు కప్పువంక చూసి, కండువా తలకు చుట్టి నిచ్చెనెక్కాడు. ఎక్కాక మాత్రం పగిలిన పెంకు ఒక్కటీ వదల్లేదు, పుచ్చిన వాసం కూడా మార్చాడు. సాయంత్రానికి వాన దంచింది, పడవ ఆగింది, మేస్త్రీ లంకలోనే చిక్కుకున్నాడు. నీళ్లు తీసేదాకా ఊళ్లోవాళ్లు ఆయన్ని ఇంటింటికీ లాక్కెళ్లి కప్పులు బాగు చేయించుకున్నారు, ఎవరింట్లో పనైతే వారింట్లోనే భోజనం. ఆ వానలోనే మా అత్తమ్మ, సారపాక ప్రయాణానికి సర్దిన పాప బట్టల సంచి విప్పి, ఉతికిన గుడ్డలు మళ్లీ ఉయ్యాలలో పరిచింది. ఆ వానాకాలమంతా పాప నా దగ్గరే ఉంది.

ఇప్పుడు పనివాళ్లు చెప్పిన వేళకు వస్తున్నారు, పనికి వంక పెట్టను. అవగానే, చాయ తాగకుండా, వస్త అని కూడా అనకుండా, ఓకే మేడం అని లిఫ్టు ఎక్కేస్తారు. ఆ ఓకేకి గడపలో అడ్డంగా నిలబడటం ఎలాగో నాకింకా పట్టుబడలేదు, నేర్చుకుంటాను.