నేను అనువదించిన గైడ్ల చరిత్ర

మా బాపు గైడు పని పోవడానికి కారణమైన వాక్యాన్ని తెలుగులోకి తెచ్చింది నేనే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు అమ్రాబాద్ అడవిని చూడవచ్చేవాళ్లు పెరిగారు. మేకలు కాస్తూ ఆ అడవంతా తిరిగిన బాపు, మందను అమ్మేసి వాళ్లకు తోవ చూపడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఆ పనికి ఎవరూ కాగితం అడగలేదు. ఎండాకాలంలో ఏ చెలిమెలో నీళ్లుంటాయో, ఏ చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు కొత్తవో చూపించేవాడు. వచ్చినవాళ్లు ఇంకా చెప్పమంటే, "జర చప్పుడు చెయ్యకుండ్రి, అడివే చెప్తది" అనేవాడు.

నేను అచ్చంపేటలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. చుట్టుపక్కల గైడ్లకు శిక్షణ ఇవ్వడానికి ఏర్పడిన ఒక కమిటీ వాళ్లు నా దగ్గరికి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. వృత్తి గైడ్ల అంతర్జాతీయ సంఘం చరిత్ర. తెలుగు చేసిపెట్టమన్నారు. బాపు చేసే పనికి ఒక చరిత్ర ఉందని, దాన్ని నేను రాస్తున్నానని ఆ వారమంతా గర్వపడ్డాను.

చరిత్ర పెద్దదేమీ కాదు. ఎక్కడి నుంచో బస్సుల్లో యాత్రికులను తెచ్చేవాళ్లు, తాము కూడా మొదటిసారి చూస్తున్న ఊళ్ల గురించి తామే ఉపన్యాసాలిస్తుంటే ఆ ఊళ్ల గైడ్లకు కోపం వచ్చింది. ఒక చోటు గురించి ఆ చోటు ఎరిగినవాళ్లే మాట్లాడాలని కొన్ని దేశాల గైడ్లు కూడి అనుకున్నారు. తర్వాత మరికొన్ని దేశాలు చేరాయి. మహాసభలు, శిక్షణలు, ఏటా ఒక గైడ్ల దినం. చివర ఒక నిర్వచనం: తన ప్రాంతానికి సంబంధించి గుర్తింపు పొందిన అర్హత ఉండి, ఆ ప్రాంతాన్ని వచ్చినవాళ్ల భాషలో వివరించేవాడే గైడు.

రాసింది రాసినట్టు బాపుకు చదివి వినిపించాను.

"మనసొంటోల్లే బిడ్డా" అన్నాడు. "ఆ దేశాలల్ల గూడ మేకలు కాసినోల్లే గైడ్లయిన్రా?"

"ఏమో బాపూ, గది రాయలే."

"రాయరు తియ్యి."

కమిటీ సమావేశంలో నా తెలుగు నిర్వచనాన్ని గట్టిగా చదివారు. చప్పట్లు కొట్టారు. అర్హత తేల్చడానికి అందరికీ మౌఖిక పరీక్ష పెట్టాలని తీర్మానించారు.

పరీక్ష అడవిలోపలి విడిది వరండాలో జరిగింది. నేను మెట్ల దగ్గర నిలబడి విన్నాను. ఏమేం జంతువులున్నాయని అడిగారు. దుప్పి, కణితి, అడవిపంది, ఎలుగు, రేచుకుక్క, అలుగు అని బాపు వరసగా చెప్పాడు. ఏది ఏ వేళకు నీళ్లకు దిగుతుందో కూడా చెప్పాడు.

"ఇంకా?"

"ఇంక పెద్దాయన ఉన్నడు సార్."

"పెద్దాయన ఎవరు? రేంజరా?"

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. "ఆయనకు రేంజర్ సారు గూడ భయపడ్తడు."

"అసలు పేరు చెప్పవయ్యా."

"అడివి దాటినంక చెప్త సార్. ఈడ అనరాదు."

మేకలు కాసే మా ఇళ్లలో అది కట్టుబాటు. అడవి నేల మీద కాలుండగా పులి పేరు నోట అనరు. నేను ఇంట్లో కూర్చుని ఉన్నాను కాబట్టి ఇప్పుడు రాయగలిగాను.

"పులుల అడవిలో గైడట, పులి పేరు రాదట" అని ఒకాయన పక్కాయనతో అంటూ కాగితం మీద ఏదో గీశాడు.

తిరిగి వస్తుంటే నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాటంటే ఏం పోతుండె బాపూ?"

"ఒకలింటికి పోయి, గడపల నిలబడి, ఇంటాయనను పేరు పెట్టి పిలుస్తమా?"

"నీకు ఏం తెల్వదనుకున్నరు వాళ్లు."

"అనుకోనియ్యి. గీ నోరు కట్టుకునే గద మందను కాపాడుకున్న."

గైడ్ల జాబితాలో బాపు పేరు రాలేదు. దయతలచి, చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ కవర్లు, సీసాలు ఏరే పని ఇచ్చారు. పొద్దున్నే బ్యాడ్జీలు పెట్టుకున్న గైడ్లు మొదట ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. "తాతా, ఇయ్యాల పెద్దాయన యాడ తిరిగిండే?" పెద్దాయన అడుగులు ఎక్కడ పడ్డాయో బాపు చెప్పి పంపేవాడు.

"ఎందుకు చెప్తవు వాళ్లకు?" అని తిట్టాను.

"అంత దూరం నుంచి వచ్చినోల్లు ఏం చూడకుండ పోతే అడివి ఇజ్జత్ పోదా బిడ్డా?"

రెండేళ్లకు బాపుకు ఊపిరి అందకపోతే మహబూబ్‌నగర్ దవాఖానలో చేర్చాను. చీటీ రాసే ఆయన, పనేమిటని అడిగాడు. "మేకలు కాస్తడని చెప్పు" అన్నాడు బాపు. నేను గైడు అన్నాను. రుజువు అడిగితే ఏం చూపాలా అనుకుంటున్నాను. ఆయన తలెత్తకుండానే రాసుకున్నాడు. బాపును గైడు అన్న కాగితం నాకు తెలిసి అదొక్కటే. ఆ వారమే పోయాడు.

మరుసటి ఏడు గైడ్ల దినానికి, చరిత్ర అనువదించినదాన్నని నన్ను పిలిచి జీపులో కూర్చోబెట్టారు. ఆ జీపులోని గైడు కుర్రాడు, బాపు పోయాక చేరినవాడు; నేనెవరి బిడ్డనో అతనికి తెలియదు. కొండ మలుపులో బండి ఆపించి, కిందికి దిగి, మా వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇక్కడి పాతకాలం వాళ్లు అడవిలో పులి పేరు పలికేవాళ్లు కాదు. పెద్దాయన అనేవాళ్లు. పులి అంటే వాళ్లకు అంత గౌరవం."

అందరికీ చాలా నచ్చింది. ఒకామె ఫోను తీసి మళ్లీ చెప్పమంది. అడవి నేల మీద నిలబడి ఆ పేరు పలుకుతూ మొత్తం మళ్లీ చెప్పాడు.

బండి కదిలాక అడిగాను. "ఈ ముచ్చట నీకెవరు చెప్పిన్రు తమ్మీ?"

"ట్రైనింగ్‌ల చెప్పిన్రు మేడం. పరీక్షల దీనికి మార్కులు గూడ ఉంటయి."